చియాంగ్ మాయ్‌లో అల్లుడి లెక్క

చియాంగ్ మాయ్ ఎయిర్‌పోర్ట్ దగ్గరే ఇమ్మిగ్రేషన్ ఆఫీసు. తలెత్తితే డోయ్ సుతేప్ కొండ, దించితే చేతిలో ఫైలు. థాయ్ అమ్మాయిని చేసుకున్న నాలాంటి వాళ్లకి ఇది ఏటా తప్పని తిరునాళ్ల.

రూల్ సింపుల్. థాయ్ బ్యాంకులో మీ పేరు మీద 4 లక్షల బాత్, అప్లై చేసే ముందు 2 నెలలు కదలకుండా ఉండాలి. లేదంటే నెలకి 40 వేల బాత్ ఆదాయం చూపించాలి. పాస్‌బుక్, బ్యాంకు లెటర్, పెళ్లి పత్రం, ఇంటికి దారి గీసిన మ్యాప్, ఇంట్లో ఇద్దరూ కలిసి దిగిన ఫొటోలు... అన్నీ పెట్టి 1,900 బాత్ కట్టాలి. ముందు 'పరిశీలనలో ఉంది' అని స్టాంపు, ఆ తర్వాతే ఏడాది.

అదే థాయ్ అబ్బాయిని చేసుకున్న విదేశీ కోడలైతే ఈ డబ్బు చూపించక్కర్లేదు. ఇల్లు పోషించాల్సింది మగాడేనని చట్టమూ నమ్ముతోంది మరి!

పోయినేడు సరిగ్గా ఆ 2 నెలల్లోనే గుంటూరులో అమ్మకి ఆపరేషన్. బ్యాంకులో డబ్బుంది, తీయలేను. ఫ్రెండ్ దగ్గర అప్పు చేసి పంపా. "నీ దగ్గర లేవా నాన్నా?" అంది అమ్మ. ఉన్నాయి, కానీ అవి నావి కావని ఎలా చెప్పను?

ఇక్కడ కాపురం పెట్టాలనుకుంటే ఆ 4 లక్షలు విడిగా దాచండి. ఇంటి అవసరాలకి ఇంకో ఖాతా ఉండాలి.