బ్రాడ్‌బాక్ మడుల్లో నత్రజని, తుప్పు తెగులు

లండన్‌కు ఉత్తరాన హార్పెండెన్ ఊళ్ళో ఉన్న రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రానికి పేరు తెచ్చింది బ్రాడ్‌బాక్ గోధుమ చేను. 1843లో జాన్ బెన్నెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ మొదలుపెట్టిన ప్రయోగం ఇంకా సాగుతూనే ఉంది. పొడుగాటి పట్టీలుగా విడగొట్టిన ఈ చేలో ఒక పట్టీకి నత్రజని అసలు వేయరు, మరో పట్టీకి హెక్టారుకు 288 కిలోల దాకా వేస్తారు. నేను వెళ్ళిన జూన్‌లో పట్టీ దాటగానే రంగు మారిపోతోంది. ఎరువెరుగని గోధుమ పాలిపోయి పలచగా ఉంది, ఎక్కువ తిన్నది నల్లపచ్చగా కమ్ముకుంది. కానీ తెగులు ఆనవాళ్ళ కోసం వెళ్ళినవాళ్ళకు ఈ చేను చాలామేర ఏమీ చెప్పదు. 1979 నుంచి ఇక్కడ శిలీంధ్రనాశినులు కొడుతున్నారు. పట్టీలకు అడ్డంగా గీసిన భాగాల్లో ఆరోదానికి మాత్రం వసంతకాలం, వేసవి మందులు ఉండవు. కనుక నత్రజనికీ తెగులుకూ ఉన్న బంధాన్ని చూడాల్సింది ఆ భాగంలోనే.

యూరియా ఎక్కువైతే వరికి అగ్గితెగులు తగులుకుంటుందని మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గోధుమలో తుప్పు తెగులు, బూడిద తెగులు విషయంలోనూ అదే తీరు. దాన్ని పట్టుకుని నత్రజని మొక్కను నీరసపరుస్తుందని అనేస్తుంటాం. ఆ వివరణ నాకు సరిపోయిందనిపించదు. ఈ రెండు తెగుళ్ళ శిలీంధ్రాలూ బతికున్న ఆకు కణాల మీదే ఆధారపడతాయి, ఆకు చస్తే వాటికీ చావే. నత్రజని దండిగా ఉన్న లేతాకు వాటికి మంచి మేత. మొక్క సత్తువ తగ్గడం కన్నా, ఆ సత్తువను మరొకటి పంచుకోవడం ఇక్కడ జరుగుతోంది.

పిలకలు పెరిగి చేను కమ్ముకుంటే తేమ నిలుస్తుంది, తెగులుకు అసలు కారణం అదే కదా అని ఎవరైనా అడగవచ్చు. అందులో నిజం ఉంది, అయితే అది సగమే. పసుపు తుప్పు మీద ఇంగ్లండ్‌లో జరిగి 2004లో వెలువడిన ఒక అధ్యయనం, తెగులు చివరికి ఎంతమేర పాకుతుందన్నది ఆకు విస్తీర్ణంలో ఒక్కో యూనిట్‌కు ఎంత నత్రజని ఉందన్నదానితో ముడిపడి ఉందని చూపింది. తేమ ఒక్కటే కారణమైతే ఈ లెక్క కుదరదు.

తట్టుకునే వంగడం వేస్తే ఎరువు ఎంత పోస్తే ఏమన్నది రెండో అభ్యంతరం. పూర్తి నిరోధకత నిలిచినంతకాలం ఆ మాట చెల్లుతుంది. అది ఎల్లకాలం నిలవదు. 2011లో బ్రిటన్‌లో బయటపడిన ‘వారియర్’ అనే పసుపు తుప్పు తెగ, అంతకుముందు తట్టుకున్న రకాలు కొన్నింటిని లొంగదీసింది. అప్పుడు రైతుకు మిగిలేది పాక్షిక నిరోధకత. ఎరువు మోతాదు ప్రభావం బాగా కనబడేది దాని మీదే. అందుకే వంగడానికి తెగులు మార్కులు వేసేటప్పుడు ఎంత నత్రజని మీద పరీక్షించారో కూడా పక్కన రాయాలని నా వాదన. వంగడాన్ని ఒకరు, ఎరువును మరొకరు విడివిడిగా సిఫారసు చేసే పద్ధతికి అర్థం లేదు.

నత్రజనిని దోషిగా నిలబెట్టేవాళ్ళకు ‘టేక్‌-ఆల్‌’ అనే వేరు తెగులు అడ్డొస్తుంది. గోధుమ మీద గోధుమ వేసే చేలల్లో ఇది మొదటి కొన్నేళ్ళు ముదిరి, తర్వాత నేలలోని పోటీ సూక్ష్మజీవుల వల్ల తగ్గుముఖం పడుతుంది. నత్రజని చాలినంత ఉంటే మొక్క కొత్త వేళ్ళు తొడిగి నష్టాన్ని కొంత పూడ్చుకుంటుంది. అమ్మోనియం రూపంలో వేసినది వేరు చుట్టూ ఆమ్లత పెంచి శిలీంధ్రాన్నే అణచగలదు. అంటే ఒకే మడిలో, ఒకే ఎరువు ఆకు మీది తుప్పుకు మేత పెడుతూ వేరుకు మేలు చేయవచ్చు. ఆరో భాగంలో తెగులు అంచనా వేయాలంటే ఆకుల మీది మచ్చలు లెక్కపెడితే చాలదు, మొక్కను పీకి వేళ్ళు కడిగి చూడాలి.