మాథేరాన్‌లో పిగిలిపిట్ట

పుణే నుంచి మాథేరాన్ వెళ్ళాం. కార్లను దస్తూరి దగ్గరే ఆపేస్తారు. అక్కడినుంచి ఎర్రమట్టి దారిలో, చెట్లనీడన నడక. (నా మోకాళ్ళ సంగతి అడక్కండి!)

షార్లెట్ చెరువు దారిలో కాస్త కూర్చున్నాం. రెండు బారల దూరంలో ఓ బుల్లిపిట్ట వాలింది. నెత్తిన నల్లని తురాయి, చెంపన ఎర్రచుక్క, తోక కింద ఎరుపు. కెమెరా తీసేలోగా ఎగిరిపోతుందనుకున్నాను. పోలేదు సరికదా, దగ్గరి కొమ్మకు మారి మరీ కూసింది.

"బుల్‌బుల్, నాన్నా!" అంది మా చిన్నమ్మాయి. తెలుగు పేరు చెబుదామంటే, ముప్ఫయ్యేళ్ళుగా ఖాతాదార్ల పేర్లు మోస్తున్న ఈ బుర్రకు తట్టలేదు.

"పిగిలిపిట్టే! మా పెరట్లో గోరింటపొదలో గూడు కట్టేది. దానికి ఈ బుగ్గచుక్క లేదంతే," అంది మా ఆవిడ.

ఫొటోలో తోక తెగింది. వెనకవైపు అమ్మాయే తెలుగులో పేరు రాసింది. 'లి' బదులు 'ళి' పెట్టింది. నేను దిద్దలేదు.