సీతాకోకచిలుక పేరుతో వచ్చిన తుపాను

మాది ఉద్దానం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా కొబ్బరి తోటను పడగొట్టేసింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరిచ్చింది పాకిస్తాన్ అంటే మా నాన్న ఇప్పటికీ నమ్మడు!

బంగాళాఖాతం, అరేబియా సముద్రం తుపాన్లకి ఇప్పుడు 13 దేశాలు పేర్లిస్తున్నాయి. 2020 జాబితాలో దేశానికి 13 చొప్పున మొత్తం 169. పేర్లదేముంది, అసలు పని ఢిల్లీ వాతావరణ కేంద్రానిది. తుపాను పుట్టిందంటే అక్కడి నుంచే వీళ్లందరికీ బులెటిన్లు వెళ్తాయి. 2014 తర్వాత సార్క్ శిఖరాగ్ర సదస్సే జరగలేదు. అయినా 2023లో బిపర్‌జాయ్ వస్తుంటే గుజరాత్‌లోనూ, అటు సింధ్‌లోనూ జనాన్ని ముందే తరలించారు. (మా ఆఫీసులో పక్క టీమ్ నుంచి డేటా రావాలంటేనే మూడు మీటింగులు.)

సముద్రం వేడెక్కుతోంది, తుపాన్లు చూస్తుండగానే బలపడుతున్నాయి. గాలి లెక్కలు పంచుకునే ఈ దేశాలే నదుల నీటి లెక్కల దగ్గర మాత్రం బిగుసుకుపోతాయి. నాకు మండేది అక్కడే.