వందలో మన వాటా ఎంత?



మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. ఇప్పుడు పి.జి.లో స్టాటిస్టిక్స్ చదువుతున్నాం. సెలవులకు ఇంటికి పోతే "ఏందిరా మీ చదువు?" అని అమ్మ అడుగుతుంది. 'కంపోజిషనల్ డేటా' అంటే ఆమెకేం తెలుస్తుంది? "వాటాల లెక్కమ్మా" అని చెబుతాం.

ఒక కూలి ఇల్లు అనుకోండి. నెల ఖర్చు 6,000 రూపాయలు. బియ్యం, సరుకులకు 3,000, పాలు, కూరగాయలకు 1,200, మిగతావాటికి 1,800. అంటే 50, 20, 30 శాతం. మరుసటి నెల నాయనకు జబ్బు చేసింది. అప్పు తెచ్చి ఆసుపత్రికి 4,000 కట్టారు. ఖర్చు 10,000 అయింది. బియ్యం, సరుకుల వాటా 30 శాతానికి, పాలు, కూరగాయల వాటా 12 శాతానికి పడిపోయాయి. కానీ తిండికి పెట్టిన డబ్బు ఒక్క రూపాయి కూడా మారలేదు!

ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ చెప్పాడు. అది నిజమే. అయితే వాటా తగ్గిన ప్రతి ఇల్లూ బాగుపడినట్టు కాదు. కొన్ని ఇళ్లు అప్పులపాలై ఉంటాయి.

సంబంధం లేని రెండు అంకెలను ఒకే సంఖ్యతో భాగిస్తే లేని సంబంధం కనబడుతుందని 1897లోనే కార్ల్ పియర్సన్ హెచ్చరించాడు. 1982లో జాన్ ఐచిసన్ దారి చూపాడు: వాటాలను విడిగా చూడకండి, ఒకదానితో ఒకటి పోల్చి నిష్పత్తుల లాగరిథమ్ తీసుకోండి. మన లెక్కలో 3,000కు 1,200 అంటే రెండున్నర రెట్లు. 30కి 12 అన్నా రెండున్నర రెట్లే. ఆసుపత్రి ఖర్చు దాన్ని కదిలించలేదు.

వాటాలు వందల కొద్దీ ఉంటే? మన పేగుల్లోని సూక్ష్మజీవుల లెక్క అలాంటిదే. 1996లో రాబర్ట్ టిబ్షిరానీ ఇచ్చిన 'లాసో' పద్ధతి చాలా గుణకాలను సున్నా చేసి, ముఖ్యమైన కొన్నింటినే మిగులుస్తుంది. 2014లో వెయ్ లిన్ బృందం దాన్ని వాటాలకు తగినట్టు మలిచింది. గుణకాలన్నీ కలిపితే సున్నా రావాలని షరతు పెట్టింది. దాంతో ఫలితం నిష్పత్తుల మీదే నిలుస్తుంది.

తమ్ముళ్లారా! రేపు మనలో కొందరు సర్వేలు చేస్తారు, ఆఫీసుల్లో కూర్చుంటారు. మన వాడల గురించిన శాతాలు మన టేబుల్ మీదికే వస్తాయి. అప్పుడు "ఈ వంద అంటే ఎన్ని రూపాయలు? అది ఎందుకు పెరిగింది?" అని మనమే అడగాలి. ఆ ఇళ్లలో పుట్టి పెరిగిన మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?