పచ్చగా ఉందని వదిలేస్తున్న చెట్టు



పోయిన వారం మన గ్రూపులో ఒక అక్క వంగచెట్టు ఫోటో పెట్టినారు. చెట్టు గుబురుగా ఉంది, పచ్చగా ఉంది, కాయ మాత్రం ఒక్కటీ లేదు, ఏం ఎరువు వెయ్యాలి అని అడిగినారు. వేపపిండి అన్నారు ఒకరు, పుల్ల మజ్జిగ అన్నారు ఇంకొకరు. ఎవరి మంచి మనసుతో వాళ్ళు చెప్పినారు. కానీ ఆ చెట్టుకు ఎరువు వెయ్యకూడదు, పీకేయాలి. ఎందుకో కొంచెం పొడుగ్గా రాయాల్సి వస్తోంది, ఓపికగా చదవండి.

దాన్ని తెలుగులో వెర్రి తెగులు అంటారు. నువ్వు చేలోనూ వస్తుంది. పేరు పెట్టినవాళ్ళు ఎవరో గాని సరిగ్గా పెట్టినారు. ఆకులు చిన్నవై పలచబడతాయి, కణుపులు దగ్గరవుతాయి, పువ్వు పువ్వుగా ఉండక ఆకుగా మారిపోతుంది. పువ్వే లేనప్పుడు కాయ ఎక్కడిది?

దీనికి కారణం ఒక బ్యాక్టీరియా, ఫైటోప్లాస్మా అంటారు. అది చెట్టులో ఆకుల నుంచి తీపిరసం పారే సన్నని గొట్టాల్లో ఉంటుంది. దీపపు పురుగు ఆ రసం పీలిస్తే పురుగు కడుపులోకి పోతుంది, అక్కడ పెరిగి ఎంగిలిలోకి చేరుతుంది. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తరువాత ఆ పురుగు ఏ చెట్టు మీద వాలి రసం పీల్చినా అంటిస్తుంది, బతికినన్ని దినాలూ అంటిస్తుంది. చెట్టులో బతుకుతుంది, పురుగులో బతుకుతుంది, ఈ రెండూ విడిచి బయట బతకదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఫలానా క్రిమి ఫలానా రోగం తెస్తుందని చెప్పాలంటే దాన్ని విడిగా తీసి, గాజు పళ్ళెంలో పెంచి, మళ్ళీ ఎక్కించి చూపించాలని రాబర్ట్ కోచ్ కాలం నుంచి ఒక పద్ధతి. కుష్ఠు క్రిమిని హాన్సెన్ 1873లోనే చూసినాడు, ఇప్పటికీ దాన్ని పళ్ళెంలో పెంచలేకపోయినారు. మట్టిలో, నీళ్ళలో, పురుగుల కడుపుల్లో ఉండే బ్యాక్టీరియాలో చాలా భాగం ఇట్లాంటివే. పళ్ళెంలో పెరగలేదని అవి లేనట్టు కాదు.

మన మైసూరు రాజ్యానికి ఈ సంగతి శ్రీగంధం చెట్ల మీద తెలిసింది. 1899లో కొడగులో గంధం చెట్లకు స్పైక్ తెగులు కనబడింది. ఆకులు చిన్నవై, సన్నవై, కొమ్మ చుట్టూ ముళ్ళలాగా నిక్కుకుంటాయి, రెండు మూడేళ్ళలో చెట్టు చస్తుంది. గంధం అంటే సర్కారుకు బంగారం. కారణం కనిపెట్టినవాళ్ళకు పదివేల రూపాయలు ఇస్తామని ప్రకటించినారు. ఆ కాలపు పదివేలు! వ్యవసాయ శాఖ పెద్ద లెస్లీ కోల్‌మన్ రోగం చెట్టు కొమ్మను మంచి చెట్టుకు అంటుకడితే రోగం పాకుతుందని చూపించి 1917లో అచ్చు వేసినాడు. అంటే అంటురోగమే. ఏ క్రిమి అన్నది మాత్రం దొరకలేదు, వైరస్ అనుకున్నారు. 1967లో జపాన్ వాళ్ళు మల్బరీ మరుగుజ్జు రోగాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే వైరస్ కాదు, గోడ లేని బ్యాక్టీరియా కనబడింది. (పట్టుపురుగుల మేతాకు గదా, కోలారు వాళ్ళకు చెప్పాలా.) రెండేళ్ళకు, 1969లో, గంధం చెట్టులోనూ అట్లాంటిదే చూసినారు. మొత్తం డెబ్బై ఏళ్ళు.

2004లో జపాన్‌లోనే ఒక ఫైటోప్లాస్మా జన్యువులన్నీ చదివితే, సొంతంగా బతికేదానికి కావాల్సిన పనిముట్లు చాలావరకు అందులో లేవు. పొయ్యి లేని ఇల్లు, కూడు పక్కింటి నుంచి రావాలి. అందుకని ల్యాబుల్లో దాన్ని బిళ్ళగన్నేరు మొక్కలకు అంటుకట్టి బతికిస్తారు. మా తమిళ బడిలో నిత్యకల్యాణి అని నేర్పిన మొక్కే అది. పళ్ళెంలో పెంచలేని బ్యాక్టీరియాకు పేరు ముందు 'కాండిడేటస్' అని తగిలిస్తారు. డ్యూటీలో చేరి ఏళ్ళయినా కన్ఫర్మేషన్ ఆర్డరు రాని గుమాస్తాలను మేము రైల్వేలో చాలామందిని చూసినాము. పనంతా వాళ్ళే చేస్తుంటారు.

అన్నిటికంటే మమ్మల్ని ఆలోచనలో పడేసింది ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్ వాళ్ళు చూపించిన సంగతి. ఈ బ్యాక్టీరియా ఒక ప్రోటీన్ తయారుచేసి చెట్టులోకి వదులుతుంది. దానివల్లే పువ్వు ఆకవుతుంది, ఆ చెట్టు మీదికే పురుగులు ఎక్కువ చేరతాయి. అంటే మనం చూసి మురిసే ఆ పచ్చదనం చెట్టు ఆరోగ్యం కాదు, పురుగుకు వేసిన విస్తరి.

దారిలో ఒక రైతు చేలో ఇట్లాంటి చెట్లు నాలుగు చూసి మేము అడిగినాము, "ఏమప్పా, వీటిని పీకేయకూడదా?" అని. "పచ్చగా ఉండే చెట్టును పీకేదానికి చెయ్యి ఎట్లా వస్తాది సామీ" అన్నాడు. తప్పు పట్టలేము. ఎండిన చెట్టును ఎవరైనా పీకుతారు.

మందు సంగతి. దానికి గోడ లేదు గనక పెన్సిలిన్ పని చెయ్యదు. టెట్రాసైక్లిన్ ఇస్తే అణుగుతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. చేలకు అది కుదిరే పని కాదు. కనబడిన దినమే వేరుతో పీకి కాల్చాలి, గట్టు మీది ఉమ్మెత్తను తియ్యాలి, దీపపు పురుగును అదుపులో పెట్టాలి. అనుమానముంటే మన తమకలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, హార్టికల్చర్ కాలేజీ ఉంది. కొమ్మ తీసుకుపోతే పురుగులు రాలుతాయి, కవరులో మూతి కట్టి తీసుకుపోండి.

ఇంకొకటి. 2001లో చట్టం మారి, పొలంలో పెరిగిన గంధం చెట్టు పొలం వాళ్ళదే అయినాక, చాలామంది నాటినారు. మన సంఘంలో కొందరు పింఛను డబ్బు పెట్టి గంధం ప్లాట్లు కొనాలని చూస్తున్నారు. అమ్మేవాళ్ళు పదిహేనేళ్ళకు ఎంత వస్తుందో కాగితం మీద లెక్క వేసి ఇస్తారు. ఆ లెక్కను పక్కన పెట్టి ఒక్కటి అడగండి: తోటలో వరసల వెంట తిరిగి స్పైక్ చెట్టును గుర్తుపట్టేవాళ్ళు ఎవరు, కనబడితే పీకే అధికారం ఎవరిది? పక్క ప్లాటువాడు తన రోగం చెట్టును పచ్చగా ఉందని పీకనంటే ఏం చేస్తారో కూడా రాసిమ్మనండి.