బంతి ఎవరిది?

నెహ్రూ నగర్‌లోని మా ఇంటి వసారాలో ప్రతి ఆదివారం ఉదయం ఒక సభ జరుగుతుంది. దానికి అధ్యక్షులు లేరు, కార్యదర్శి లేరు. మా శ్రీమతి చేసే ఉప్మా, కాఫీ మాత్రం తప్పవు. అమెరికాలో శనివారం రాత్రి ఆడే బాస్కెట్‌బాల్ పోటీలు మనకు ఆదివారం తెల్లవారుజామున టెలివిజన్‌లో కనిపిస్తాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఉదయపు షిఫ్టు కోసం చీకటితోనే లేచిన అలవాటు, పదవీ విరమణ తరువాత ఈ విధంగా అక్కరకు వస్తున్నది.

మేము శ్రీకాకుళం జిల్లా నుండి ఉద్యోగార్థమై భిలాయి వచ్చిన నాటికి కబడ్డీ తప్ప మరొక ఆట ఎరుగము. ఇక్కడ పిల్లలు ఎత్తుగా కట్టిన ఇనుప వలయంలోకి బంతి విసరడం చూసి మొదట నవ్వుకున్నాము. షిఫ్టు దిగి సైకిలుపై వస్తూ మైదానం దగ్గర ఒక్క నిమిషం ఆగడం, ఆ నిమిషం అరగంట కావడం, ఇంట్లో చల్లారిన అన్నం తినడం తరువాతి కథ. నాటి సహోద్యోగులు ముగ్గురు, మేము కలిసి నేటికీ ఆ అరగంటనే పొడిగించుకుంటున్నాము.

మా సభలో ప్రధాన వివాదం పాతదే. మైకేల్ జోర్డాన్ గొప్పవాడా, లెబ్రాన్ జేమ్స్ గొప్పవాడా? లెక్కల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రునికి అంకెలే ప్రమాణం. కరీం అబ్దుల్ జబ్బార్ సాధించిన 38,387 పాయింట్ల రికార్డును 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ దాటినాడు కదా, ఇంకా చర్చ ఎందుకని ఆయన వాదన. కోక్ ఓవెన్స్ మిత్రుడు అంగీకరించరు. జోర్డాన్ ఆరుసార్లు తుది పోటీకి వెళ్ళి ఆరుసార్లూ గెలిచినాడు. లెబ్రాన్ పదిసార్లు వెళ్ళి నాలుగే గెలిచినాడు. “పదిసార్లు వెళ్ళడం గొప్ప కాదా?” అని ఒకరు, “వెళ్ళి ఓడిపోవడానికా?” అని మరొకరు. రోలింగ్ మిల్లు మిత్రుడు మాత్రం పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్ళు గెలిచిన బిల్ రసెల్ పేరు చెప్పి ఇద్దరి నోళ్ళూ మూయిస్తారు. చివరి రెండు టైటిళ్ళనాటికి, అనగా 1968, 1969 సంవత్సరాలలో, రసెల్ ఆటగాడే కాక ఆ జట్టుకు కోచ్ కూడా.

ఈ సంక్రాంతి సెలవులలో చర్చ మరొక మలుపు తిరిగింది. గొప్ప ఆటగాడు గొప్ప యజమాని కాగలడా అన్నది ప్రశ్న.

జోర్డాన్ 2010లో షార్లెట్ జట్టులో అధిక వాటాను కొన్నాడు. ఆ లీగులో ఆటగాళ్ళెవరూ అంతవరకు చేరని మెట్టు అది. సుమారు రెండేళ్ళకే, 2011–12 సీజనులో, ఆ జట్టు ఆడిన 66 ఆటలలో 7 మాత్రమే గెలిచింది. గెలుపు శాతంలో ఆ లీగు చరిత్రలోనే అంతకంటే హీనమైన సీజను లేదు. 2023లో వాటా అమ్మే వరకు ఆయన జట్టు ప్లేఆఫ్‌లలో ఒక్క సిరీస్ కూడా గెలవలేదు. అయితే కొన్నప్పుడు సుమారు 27.5 కోట్ల డాలర్లుగా కట్టిన జట్టు విలువ అమ్మేనాటికి సుమారు 300 కోట్ల డాలర్లు. “ఓడిపోతూ లాభం గడించడం మన విభాగంలో ఎవరికీ చేతకాలేదు” అని లెక్కల మిత్రుడు నిట్టూర్చగా అందరమూ నవ్వాము.

నవ్వు ఆగిన తరువాత రోలింగ్ మిల్లు మిత్రుడు ఒక మాట అన్నారు. తన విభాగంలో ఎర్రగా కాలిన ఉక్కు రంగు చూసి దాని వేడి చెప్పగల పనివాడు ఒకడుండేవాడట. అతనికి పదోన్నతి ఇచ్చి పదిమందిపై పెట్టినారు. ఎవరు ఏ పని చేయబోయినా “నువ్వు తప్పుకో” అంటూ తానే చేసేవాడు. రెండేళ్ళకు అతను అలసిపోయినాడు. ఆ పదిమందికీ పని రాలేదు. తనకు సులువైనది ఇతరులకు ఎందుకు కష్టమో అతనికి అర్థం కాలేదు. జోర్డాన్ విషయంలోనూ జరిగినది ఇదేనేమో!

అందుకు ఎదురు ఉదాహరణ మేము చెప్పాము. చైనాకు చెందిన యావో మింగ్ బాల్యం నుండి ఎదిగిన జట్టు షాంఘై షార్క్స్. 2002లో ఆ జట్టును విజేతగా నిలిపి ఆయన అమెరికా వెళ్ళినాడు. 2009లో అది ఆర్థికంగా చితికిపోతే తానే కొని నిలబెట్టినాడు. 2017లో ఆ దేశపు బాస్కెట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడైన పిదప దానితో యాజమాన్య సంబంధం వదులుకున్నాడు. తనను పెంచిన ఇంటికి కష్టం వస్తే వచ్చి నిలిచి, సమయం వచ్చినప్పుడు తాళంచెవి అప్పగించి వెళ్ళినవాడు అని మేము కొంత ఆవేశంగానే చెప్పాము.

అప్పుడు లోపలినుండి కాఫీ తెచ్చిన మా చిన్నమ్మాయి, సెలవులకు హైదరాబాదు నుండి వచ్చినది, పళ్ళెం బల్లపై పెట్టి నెమ్మదిగా అడిగింది: “నాన్నగారూ, వాళ్ళ జట్ల యజమానుల సంగతి గంటసేపటి నుండి తేలుస్తున్నారు. మన ఇంట్లో జట్టు యజమాని ఎవరో ఎప్పుడైనా ఆలోచించారా?”

మిత్రులు నవ్వారు. మేము నవ్వలేకపోయాము.

అమ్మాయి పదవ తరగతిలో ఉండగా పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయులు ఒక సాయంకాలం మా క్వార్టరుకు వచ్చారు. శిబిరానికి ఎంపికైనది, ఇరవై రోజులు పంపవలసినదని కోరారు. “పంపుదామండీ” అన్నది మా శ్రీమతి. పరీక్షల సంవత్సరమని మేము అంగీకరించలేదు. అమ్మాయి ఏడవలేదు, వాదించలేదు. బంతిని వలసంచిలో పెట్టి తలుపు వెనుక మేకుకు తగిలించింది. దానిలో గాలి తగ్గిపోతుండడం రోజూ చూస్తూనే ఉన్నాము. మంచి మార్కులు వచ్చాయి, మంచి ఉద్యోగమూ వచ్చింది. మా నిర్ణయం సరైనదేనని చెప్పుకోవడానికి ఆధారాలకు లోటులేదు. కానీ ఆనాడు ఆమెను మేము ఒక్క మాటైనా అడగలేదు. అదే ఇన్నేళ్ళుగా మిగిలిపోయినది.

ఇదే ఊరిలో, మా కర్మాగారపు ఉద్యోగిగానే ఉంటూ రాజేష్ పటేల్ గారు పంత్ స్టేడియంలో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పినారు. పేద కుటుంబాల పిల్లలకు తన ఇంటనే చోటిచ్చి, అన్నం పెట్టి, తెల్లవారకముందే మైదానానికి తీసుకువెళ్ళేవారు. 2000 నవంబరు 1న ఏర్పడిన చిన్న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్, మహిళల బాస్కెట్‌బాల్‌లో పెద్ద రాష్ట్రాల సరసన నిలిచిందంటే అందులో ఆయన శ్రమ ఎంతో ఉన్నది. ఆ రాష్ట్రపు జట్టుకు ఆడిన అంజు లక్రా, సీమా సింగ్ వంటివారు భారత జట్టు వరకు వెళ్ళినారు. ఈ ఆట ద్వారా రైల్వేలో ఉద్యోగాలు పొందిన అమ్మాయిలు ఉన్నారు. మన మిల్లులో పుట్టిన పట్టాలపై రైళ్ళు నడుస్తుండగా, మన మైదానంలో ఆడిన పిల్లలు అదే రైల్వేలో కొలువు చేస్తున్నారన్నమాట! పటేల్ గారు 2018లో కన్నుమూసినారు. ఆయన ఏ జట్టుకూ యజమాని కారు. కొన్నదీ లేదు, అమ్మినదీ లేదు. జోర్డాన్, లెబ్రాన్‌ల గురించి గొంతు చించుకునే మేము, సైకిలు దూరంలో జరుగుతున్న ఆ పనిని ఎన్నిసార్లు వెళ్ళి చూశామంటే వేళ్ళపై లెక్కించవచ్చును.

సెలవులు ముగిసి అమ్మాయి వెళ్ళిపోయింది. గత వారం ఫోను చేసింది. మనవరాలు జట్టు ఎంపిక శిబిరానికి పిలుపు అందుకున్నదట. అవే రోజులలో ఐ.ఐ.టి. కోచింగ్ తరగతులు ఉన్నాయట. “ఏం చేయమంటారు నాన్నగారూ?” అని అడిగింది.

సమాధానం మా నాలుక చివరనే ఉన్నది. పదోన్నతి పొందిన ఆ పనివాని మాదిరిగా “నువ్వు తప్పుకో” అనడం మాకు బాగా అలవాటైన విద్య. ఒక్క క్షణం ఆగి, “ఈసారి దాన్నే అడుగమ్మా” అన్నాము.

అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, “అడిగాను. తాతగారేమంటారో కనుక్కోమన్నది” అని నవ్వింది.

ఫోను పెట్టేసి తలుపు వెనుకకు వెళ్ళాము. క్వార్టరు ఖాళీ చేసి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆ పాత బంతిని మా శ్రీమతి పారవేయనీయలేదు. వలసంచి దుమ్ము దులిపి, సైకిలు పంపుతో గాలి కొట్టి చూశాము. కొంతసేపు నిలిచి మళ్ళీ తగ్గిపోయింది. మనవరాలికి కొత్తది కొనవలసి ఉన్నది.