మర్రిచెట్ల కింద

హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన నా బిడ్డ, "బాపూ, మా దోస్తులు అడవిలో డేరా వేసుకొని పడుకున్నరట. మనం ఎప్పుడు పోదాం?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. కొంచెం బాధ కూడా అయింది.

ఆ పుష్యమాసంలో ఇంటిల్లిపాదీ కేస్లాపూర్ పోయినం. మేం మెస్రం వంశస్తులం. మా పెద్దలు చెప్పుల్లేకుండా నడిచి హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెచ్చిండ్రు. నాగోబా పూజకు ముందు మా విడిది మర్రిచెట్ల కిందనే. వంశమంతటికీ 22 పొయ్యిలే. వంతు కోసం అందరూ ఆగాల్సిందే.

రాత్రి చలిమంట దగ్గర మా అమ్మ తన చిన్ననాటి ముచ్చట చెప్పింది. బండ్లు కట్టుకొని వస్తుంటే పులి వాసనకు ఎడ్లు అడుగు ముందుకు వేయకపోయేవట. మా అడవి 2012 నుంచి కవ్వాల్ టైగర్ రిజర్వ్. చూడవచ్చిన వాళ్లకు సఫారీ జీపులున్నయి. కిందటేడు ఇప్పపువ్వు ఏరుకొని వస్తున్న అమ్మను మాత్రం గేటు దగ్గర ఆపి, ఎక్కడికి పోయినవని అడిగిండ్రు.

ఇదంతా అమ్మ గోండీలో చెప్పింది. బిడ్డకు సగమే అర్థమైంది. ఆ తప్పు నాది. బడిలో తెలుగు వాచకం చెప్పుకుంటూ ఇంట్లో మా భాషను వదిలేసిన.

తెల్లారి బిడ్డ మర్రిచెట్టును చూపించి, "నానమ్మా, దీన్ని మనం ఏమంటం?" అని అడిగింది.